హెండర్సన్ నుంచి నాష్‌విల్ దాకా: రైలు దారిన వచ్చిన ఓటు

అమెరికాలో ఆడవాళ్లకు ఓటు ఎలా వచ్చిందని టెనసీ రాష్ట్రంలో అడిగితే, ముందుగా ఒక తల్లి రాసిన ఉత్తరం గురించి చెబుతారు. 1920 ఆగస్టులో ఇరవై నాలుగేళ్ల శాసనసభ్యుడు హ్యారీ బర్న్ జేబులో ఆ ఉత్తరం ఉంది. తల్లి మాట మన్నించి అతను ఓటు వేశాడు, ఆ ఓటుతో దేశ రాజ్యాంగమే మారింది. చెప్పుకోవడానికి బాగుంటుంది, పైగా నిజం కూడా. కానీ ఆ ఒక్క ఓటు పడే చోటుకు వ్యవహారాన్ని తీసుకొచ్చినవాళ్లు ఈ కథలో కనపడరు. ఊరూరా తిరిగి సభలు పెట్టినవాళ్లు, శాసనసభ్యుల పేర్లు రాసుకుని ఒక్కొక్కరి గడపా తొక్కినవాళ్లు, జైలు అన్నం తిన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరు స్యూ షెల్టన్ వైట్. పశ్చిమ టెనసీలో హెండర్సన్ అనే చిన్న రైలు ఊరు ఆమెది. ఆమె గురించి చెప్పాలంటే ఆ రైలు గురించి కూడా చెప్పాలి. ఆ ఉద్యమాన్ని మోసిందీ రైలే, దానికి అడ్డం పడిందీ రైలు కంపెనీలే.

గల్ఫ్ తీరంలోని మొబీల్ రేవు నుంచి ఉత్తరాన మిసిసిపీ నది ఒడ్డున ఉన్న కెంటకీ రాష్ట్రపు కొలంబస్ వరకు పట్టాలు వేయాలని 1840ల చివర్లో మొబీల్ అండ్ ఒహాయో రైల్‌రోడ్ కంపెనీ పుట్టింది. పదేళ్లకు పైగా పని సాగింది. దారి మొత్తం పూర్తయ్యేసరికి 1861 ఏప్రిల్ వచ్చింది. సరిగ్గా అదే నెలలో అంతర్యుద్ధం మొదలైంది. ఈ పట్టాల పక్కన 1850ల్లో లేచిన ఊళ్లలో హెండర్సన్ ఒకటి. చాలాకాలం దాన్ని హెండర్సన్ స్టేషన్ అనే పిలిచారు. యుద్ధంలో ఈ రైలు దారి ఉత్తరాది సైన్యానికి తిండీ మందుగుండూ చేరవేసింది కాబట్టి దక్షిణాది దళాలు దాని మీద మళ్లీమళ్లీ పడ్డాయి. హెండర్సన్ స్టేషన్ కూడా 1862లో ఆ దెబ్బ తిన్నది. యుద్ధం ముగిశాక ఊరు మళ్లీ నిలదొక్కుకుంది. 1879లో చుట్టుపక్కల నాలుగు కౌంటీల నుంచి భూమి తీసి చెస్టర్ కౌంటీ ఏర్పాటు చేస్తే హెండర్సన్ దానికి ముఖ్య పట్టణమైంది. కోర్టు వచ్చింది, బడులు వచ్చాయి. బయటి ప్రపంచపు పత్రికలు, ఉత్తరాలు, ఉపన్యాసకులు అన్నీ ఆ స్టేషన్లోనే దిగేవి.

ఆ రోజుల్లో రైలు పెట్టె ఎవరిది అన్న ప్రశ్న కూడా పశ్చిమ టెనసీలోనే గట్టిగా లేచింది. 1883 సెప్టెంబరులో ఐడా వెల్స్ అనే ఇరవై ఒక్కేళ్ల నల్లజాతి పంతులమ్మ మెంఫిస్‌లో ఫస్ట్ క్లాస్ టికెట్ కొనుక్కుని ఆడవాళ్ల పెట్టెలో కూర్చుంది. కండక్టర్ వచ్చి ముందు పెట్టెలోకి పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. చెయ్యి పట్టి లాగబోతే ఆ చెయ్యి కొరికింది. చివరకు ముగ్గురు మగవాళ్లు కలిసి ఆమెను సీటులోంచి ఈడ్చారు. ఆమె కంపెనీ మీద దావా వేసి, 1884లో 500 డాలర్ల నష్టపరిహారం గెలుచుకుంది. 1887 ఏప్రిల్లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. దాంతో ఆమె చేతికి ఏమీ రాలేదు.

అదే ఏడాది మే 25న స్యూ వైట్ హెండర్సన్‌లో పుట్టింది. ఈ రెండు సంగతులకూ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చెప్పడానికి కారణం ఉంది. ఓటు కోసం పోరాడిన తెల్లజాతి ఆడవాళ్ల చరిత్ర రాసేటప్పుడు, అదే నేల మీద అదే హక్కుల కోసం వాళ్లకంటే ముందు దెబ్బలు తిన్నవాళ్లను వదిలేయడం ఎప్పటినుంచో అలవాటైపోయింది. ఐడా వెల్స్ తర్వాత పత్రికా సంపాదకురాలైంది. మూక హత్యల మీద రాసినందుకు 1892లో మెంఫిస్‌లో ఆమె ముద్రణాలయాన్ని ధ్వంసం చేశారు. షికాగో చేరి 1913లో అక్కడ నల్లజాతి మహిళల ఓటుహక్కు సంఘం స్థాపించింది. ఆ ఏడాది మార్చిలో వాషింగ్టన్లో జరిగిన పెద్ద ఊరేగింపులో ఆమెను వెనక వరసలో నడవమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. జనంలో నిలబడి, ఇలినాయ్ బృందం వచ్చే వరకు ఆగి, వాళ్లతో కలిసి ముందుకు నడిచింది. ఆ ఊరేగింపు నిర్వహించిన ఆలిస్ పాల్ కొన్నేళ్ల తర్వాత స్యూ వైట్‌కు నాయకురాలు అయింది.

స్యూ ఏడుగురు పిల్లల్లో ఆరోది. తండ్రి బడిలో పాఠాలు చెప్పాడు, ప్లీడరీ చేశాడు, మెథడిస్టు చర్చిలో ప్రసంగాలూ చేశాడు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయాడు. అక్కడి నుంచి సంసారం తల్లి మేరీ కలిస్టా మీద పడింది. ఆమె సంగీతం నేర్పింది, పియానోలు అమ్మింది, పత్రికకు వార్తలు రాసింది. ఇంట్లో ఆడపిల్లల పనీ మగపిల్లల పనీ అని విడదీయకుండా పంచింది. స్యూకు పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ తల్లీ పోయింది. పాతికేళ్ల తర్వాత ‘ది నేషన్’ పత్రిక, కొత్త తరం ఆడవాళ్లను పేర్లు బయటపెట్టకుండా తమ జీవితం గురించి రాయమంటే, స్యూ తన వ్యాసానికి తల్లి కూతురినని చెప్పే శీర్షికే పెట్టుకుంది. హక్కుల సంగతి ఆమె ఉపన్యాసాలు విని నేర్చుకోలేదు. మగదిక్కు లేని ఇంటిని ఒక ఆడమనిషి ఎలా నెట్టుకొచ్చిందో కళ్లారా చూసింది. అంత కష్టం చేసిన మనిషికి ఊరి వ్యవహారాల్లో ఓటు లేదన్నది ఆ పిల్లకు పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు.

చదువు హెండర్సన్‌లోని జార్జీ రాబర్ట్‌సన్ క్రిస్టియన్ కాలేజీలో సాగింది. ఇప్పటి ఫ్రీడ్ హార్డ్‌మన్ విశ్వవిద్యాలయానికి మూలాల్లో అదొకటి. తర్వాత గిబ్సన్ కౌంటీలోని డయర్ అనే ఊళ్లో బిజినెస్ కాలేజీకి వెళ్లింది. 1907లో అదే రైలు దారి మీద ఉన్న జాక్సన్ పట్టణంలో కోర్టు రిపోర్టర్‌గా చేరింది. రాష్ట్రంలో ఆ పని చేసిన తొలితరం ఆడవాళ్లలో ఆమె ఒకరు.

జాక్సన్ అప్పుడు మూడు రైల్వే కంపెనీల దారులు కలిసే జంక్షన్. ఇంజన్ డ్రైవర్ కేసీ జోన్స్ ఇల్లు ఆ ఊళ్లోనే. 1900లో మిసిసిపీలో జరిగిన ప్రమాదంలో బ్రేకు వదలకుండా ప్రాణం విడిచినవాడు ఆయన. పాటల వల్ల ఆయన పేరు దేశమంతా పాకింది. అదే ఊళ్లో కోర్టు గదిలో కూర్చుని ఏళ్ల తరబడి షార్ట్‌హ్యాండ్ రాసిన స్యూ పేరు మాత్రం చాలాకాలం ఎవరూ తలవలేదు. కోర్టు రిపోర్టర్ పని విచిత్రమైనది. గదిలో ప్రతి మాటా ఆమె చేతిలోంచే రికార్డులోకి వెళుతుంది, కానీ ఆమె ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. జడ్జి, ప్లీడర్లు, జ్యూరీ అంతా మగవాళ్లు. చట్టాన్ని అంత దగ్గర నుంచి చూసి, అందులో చోటు లేకుండా అన్నేళ్లు గడిపిన అనుభవమే ఆమెను ఉద్యమంలోకి తోసిందని నేననుకుంటాను.

ఆ ఉద్యమం అప్పటికే ముసలిదైపోయింది. 1848లో సెనెకా ఫాల్స్ సభలో ఓటు అడిగారు, 1878లో రాజ్యాంగ సవరణ బిల్లు వాషింగ్టన్లో పెట్టారు. టెనసీలో తొలి సంఘం 1889లో మెంఫిస్‌లో మొదలై, లేచి పడి మళ్లీ లేచింది. 1913లో స్యూ రాష్ట్ర సంఘానికి కార్యదర్శి అయి మినిట్స్ రాసే బాధ్యత తీసుకుంది. 1914 నవంబరులో జాతీయ సంఘం మహాసభ నాష్‌విల్‌లో జరిగింది. కోర్టు పని లేని రోజుల్లో రైలెక్కి ఊళ్లు తిరగడం, సభలు పెట్టడం, ఉత్తరాలు రాయడం ఇదే ఆమె జీవితం.

1917 నాటికి ఉద్యమం నిలువునా చీలింది. పెద్దదైన ఆ జాతీయ సంఘాన్ని నడిపే క్యారీ చాప్‌మన్ క్యాట్‌ది రాజకీయ నాయకులను నొప్పించకుండా ఒప్పించే దారి. ఆలిస్ పాల్ నడిపే నేషనల్ ఉమన్స్ పార్టీ శ్వేతసౌధం గేటు ముందు బ్యానర్లు పట్టుకుని నిలబడింది. ఏప్రిల్లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక కూడా వాళ్లు కదల్లేదు. దాంతో దేశద్రోహులన్న ముద్ర పడింది. ఆ ఏడాది చివర్లో పార్టీ తరఫున మాడ్ యంగర్ టెనసీ పర్యటనకు వస్తే చాలా ఊళ్లలో హాలు దొరకలేదు, సభలు అడ్డుకోవాలని అధికారులే చూశారు. వేరే సంఘంలో ఉన్న స్యూ ముందుకొచ్చి ఆమెకు సభలు ఏర్పాటు చేసింది. యంగర్ మాటలతో ఏకీభవించి చేసిన పని కాదది, మాట్లాడే హక్కు కోసం చేసింది. ఇది తెలిసి క్యాట్ ఉత్తరం రాసి, ఎటువైపో తేల్చుకోమంది. 1918లో స్యూ తేల్చుకుంది. పెద్ద సంఘం వదిలి ఉమన్స్ పార్టీకి టెనసీ అధ్యక్షురాలైంది. సంప్రదాయం గట్టిగా పాటించే దక్షిణాది చిన్న ఊరి నుంచి వచ్చిన మనిషి, సొంత బతుకు సొంత జీతం మీదే నడిచే మనిషి, ఆ రోజుల్లో అలా గీత దాటడం తేలిక కాదు.

1919 ఫిబ్రవరి 9 సాయంత్రం శ్వేతసౌధం ముందు స్యూ వైట్ అధ్యక్షుడు విల్సన్ దిష్టిబొమ్మను మంటలో వేసింది. కాగితపు బొమ్మ, చిన్నది. అధ్యక్షుడు అప్పుడు పారిస్‌లో శాంతి సభలో కూర్చుని లోకానికి ప్రజాస్వామ్యం గురించి చెబుతున్నాడు. సొంత దేశంలో సగం మందికి ఓటు లేదు. మర్నాడు సెనేట్‌లో సవరణ ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. స్యూకు ఐదు రోజుల జైలు పడింది. చలికాలం, ఎప్పుడో మూసేసిన పాత జైలు కట్టడం.

జైలు నుంచి వచ్చీరాగానే ఆమె ఎక్కింది రైలే. ఫిబ్రవరి 15న జైలుకు వెళ్లొచ్చిన 26 మంది ఆడవాళ్లు ఒక ప్రత్యేక రైలు పెట్టెలో వాషింగ్టన్ నుంచి బయలుదేరారు. ‘ప్రిజన్ స్పెషల్’ అని దాన్ని పిలిచారు. జైలు బట్టల్లాంటివే వేసుకుని స్టేషన్లలో, హాళ్లలో నిలబడి, తమకు ఏం జరిగిందో చెప్పారు. చార్ల్‌స్టన్, న్యూ ఆర్లీన్స్, లాస్ ఏంజలిస్, శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో, బోస్టన్ మీదుగా మార్చి 10న న్యూయార్క్ చేరారు. వాళ్లలో కోటీశ్వరుల ఇంటి ముసలావిడ లూయిజిన్ హేవ్‌మయర్ ఉంది, హెండర్సన్ నుంచి వచ్చిన షార్ట్‌హ్యాండ్ రైటరూ ఉంది. దేశం ఈ మూల నుంచి ఆ మూలకు ఒక నెలలోపు చుట్టి రావడం పట్టాలు లేకపోతే సాధ్యమయ్యే పని కాదు. రైలు కంపెనీలు సరుకు కోసం వేసుకున్న దారి మీద ఖైదీ బట్టల ఆడవాళ్లు తమ మాట మోసుకెళ్లారు. ఆ ప్రచారమంతటిలో నా మనసుకు దగ్గరైన ఘట్టం ఇదే.

జూన్ 4న కాంగ్రెస్ సవరణను ఆమోదించింది. 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 1920 మార్చికి 35 వచ్చాయి, అక్కడ బండి ఆగింది. గవర్నర్ ఆల్బర్ట్ రాబర్ట్స్ ఆగస్టు 9న టెనసీ శాసనసభ ప్రత్యేక సమావేశం పిలిచాడు. అప్పటి నుంచి నాష్‌విల్ యూనియన్ స్టేషన్లో దిగని నాయకురాలు లేదు. అనుకూలురు పసుపు గులాబీ, వ్యతిరేకులు ఎర్ర గులాబీ పెట్టుకుని హెర్మిటేజ్ హోటల్ నిండిపోయారు. సారా వ్యాపారులు, బట్టల మిల్లుల వాళ్లు, రైల్వే కంపెనీల వాళ్లు ఎర్ర గులాబీల వెనక నిలబడ్డారు. ఆడవాళ్లు ఓటు వేస్తే బాల కార్మికుల చట్టాలు వస్తాయి, కంపెనీల మీద అదుపు పెరుగుతుంది అన్నది వాళ్ల భయం. రాష్ట్ర రాజకీయాల మీద లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్‌రోడ్‌కు ఉన్న పట్టు అందరికీ తెలిసిందే. మొదట మద్దతిస్తానన్న స్పీకర్ సెత్ వాకర్ అటు తిరిగిపోయాడు. రైల్వే కంపెనీల వకీలుగా పేరున్న మనిషి ఆయన.

స్యూ అక్కడ చేసింది లెక్కల పని. ఎవరు అనుకూలం, ఎవరు ఊగిసలాడుతున్నారు, ఎవరి మీద ఎవరి మాట పని చేస్తుంది, నిన్న ఒప్పుకున్నవాడు ఇవాళ ఎవరితో భోజనం చేశాడు అన్నవి పార్టీ కార్యకర్తలు రోజూ రాసుకుని సరిచూసుకున్నారు. పేపర్లలో ఫొటో రాని పని ఇది. 13న సెనేట్ 25–4తో ఆమోదించింది. దిగువ సభలో మాత్రం రోజురోజుకూ పేర్లు జారిపోయాయి.

ఇప్పుడు నయోటా సంగతి. తూర్పు టెనసీలో మెక్‌మిన్ కౌంటీలోని చిన్న ఊరు అది, పూర్వం మౌస్ క్రీక్ అనేవారు. 1854లో కట్టిన దాని స్టేషన్, రాష్ట్రంలో నిలిచి ఉన్న స్టేషన్లన్నిటిలోకీ పాతది. హ్యారీ బర్న్ తండ్రి ఆ స్టేషన్‌కు మాస్టర్‌గా పనిచేసి, 1916లో చనిపోయాడు. తల్లి ఫెబ్ చదువుకున్న మనిషి, కొన్నాళ్లు పంతులమ్మగా పనిచేసింది. భర్త పోయాక పొలం చూసుకుంటూ, రైల్లో వచ్చే పత్రికలు వదలకుండా చదివేది. తన పొలంలో పనిచేసే చదువురాని మగవాళ్లకు ఓటు ఉంది, తనకు లేదు. సెనేట్‌లో తమ జిల్లా సభ్యుడు హెర్షల్ క్యాండ్లర్ చేసిన కఠినమైన ప్రసంగం ఆమె పేపర్లో చదివింది. అదీ మనసులో పెట్టుకుని కొడుక్కి ఏడు పేజీల ఉత్తరం రాసింది. ఇంటి సంగతుల మధ్యలో, ఓటుహక్కుకు అనుకూలంగా ఓటు వెయ్యమని, క్యాట్‌కు సాయం చెయ్యమని చెప్పింది.

ఆగస్టు 18న హ్యారీ కోటుకు ఎర్ర గులాబీ ఉంది. సవరణను పక్కన పెట్టాలన్న తీర్మానం మీద రెండుసార్లూ 48–48 వచ్చింది, రెండుసార్లూ అతను వ్యతిరేకులతోనే ఉన్నాడు. ఆ తర్వాత అసలు ఓటింగ్‌లో ఔనన్నాడు. 49–47. మరొకరి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. గిబ్సన్ కౌంటీ సభ్యుడు బ్యాంక్స్ టర్నర్. వ్యతిరేకి అనుకున్న ఆయన ఆ సమాన ఓట్ల దగ్గర సవరణ వైపు నిలబడకపోయి ఉంటే, హ్యారీ వంతు వచ్చేదే కాదు. స్యూ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న డయర్ ఆ కౌంటీదే. టర్నర్‌కు అమ్మ ఉత్తరం లేదు కాబట్టి కథలో ఆయనకు చోటు దొరకలేదు.

పునఃపరిశీలన కోరే అవకాశం కోసం స్పీకర్ వాకర్ తన ఓటు మార్చుకున్నాడు. ఆ గడువులో సంఖ్య కూడక, ఎర్ర గులాబీ సభ్యులు ముప్పై మందికి పైగా ఒక రాత్రి రైలెక్కి రాష్ట్రం దాటి అలబామాలోని డికేటర్‌కు పారిపోయారు, కోరం లేకుండా చేయాలని. ఇక్కడ నాష్‌విల్‌లో ఓటుహక్కు కార్యకర్తలు తమవైపు సభ్యులెవరూ జారిపోకుండా రైల్వే స్టేషన్ల దగ్గర కాపలా కాశారు. లూయిజియానా మాజీ గవర్నరు భార్య నయోటా వెళ్లి ఉత్తరం తనది కాదని ఫెబ్ చేత చెప్పించబోయింది. ఫెబ్ ఒప్పుకోకపోగా, ఉత్తరం తానే రాశానని నాష్‌విల్‌కు టెలిగ్రామ్ కొట్టింది. 24న గవర్నర్ సంతకం, 26న వాషింగ్టన్లో ప్రకటన. పంతొమ్మిదో సవరణ రాజ్యాంగంలో చేరింది.

స్యూ అక్కడితో ఆగలేదు. సెనేటర్ కెనెత్ మెకెల్లార్ దగ్గర పనిచేస్తూనే లా చదివి 1923లో పట్టా తీసుకుంది. స్త్రీ పురుషులకు చట్టం ముందు సమాన హక్కులు కోరే సవరణ ముసాయిదా అదే ఏడాది తయారైంది, అందులో ఆమె చెయ్యి ఉంది. ఆ సవరణ నేటికీ రాజ్యాంగంలో చేరలేదు. 1926లో జాక్సన్ తిరిగొచ్చి ప్లీడరీ మొదలుపెట్టింది. ఒకప్పుడు నోరు మెదపకుండా రాసుకున్న కోర్టులోనే వాదించింది. 1930లో మళ్లీ వాషింగ్టన్ పిలిచింది. డెమోక్రటిక్ పార్టీలో ఆడవాళ్ల విభాగం పనులు, తర్వాత రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో ఉద్యోగం. సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చాక దాన్ని అమలు చేసే న్యాయవాదుల్లో ఆమె ఉంది. భర్త పోయి పిల్లలతో మిగిలిన తల్లులకు సాయం ఆ చట్టంలో ఒక భాగం. అలాంటి ఇంట్లోనే ఆమె పెరిగింది. క్యాన్సర్‌తో 1943 మే 6న వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో కన్నుమూసింది. జాక్సన్‌లో ఆమె విగ్రహం పెట్టడానికి 2017 దాకా పట్టింది. ఫెబ్, హ్యారీల విగ్రహం మరుసటి ఏడాది నాక్స్‌విల్‌లో వెలిసింది.

స్యూ పోయిన ఆ 1943లోనే టెనసీ శాసనసభ పోల్ టాక్స్ రద్దు చేస్తే, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టేసింది. ఓటు వెయ్యాలంటే పన్ను రసీదు చూపించాలన్న ఆ షరతు పేదలను, అందులోనూ నల్లవాళ్లను దూరం పెట్టడానికి పుట్టింది. రాష్ట్ర రాజ్యాంగంలోంచి అది పోయింది 1953లో. నాష్‌విల్‌లో నల్లజాతి ఆడవాళ్లు నగర ఎన్నికల్లో 1919 నుంచీ ఓటు వేశారు. 1920 మేలో జె. ఫ్రాంకీ పియర్స్ అనే ఉపాధ్యాయురాలు తమ వాళ్లకు కావలసినవేమిటో శాసనసభ హాల్లో తెల్లజాతి మహిళా ఓటర్ల ముందు నిలబడి చెప్పింది. పల్లెల్లో పరిస్థితి వేరు. జాక్సన్ నుంచి మెంఫిస్ వెళ్లే దారిలో ఉన్న ఫయెట్ కౌంటీలో 1960లో ఓటరుగా పేరు రాయించుకున్నందుకు నల్లజాతి కౌలు కుటుంబాలను భూస్వాములు ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. దుకాణాల్లో సరుకు అమ్మలేదు, డాక్టర్లు చూడలేదు. ఆ కుటుంబాలు ఒక నల్లజాతి రైతు ఇచ్చిన పొలంలో డేరాలు వేసుకుని చలికాలం గడిపాయి. ఆ డేరాల్లో ఉన్న ఆడవాళ్లకు కాగితం మీద ఓటు వచ్చి అప్పటికి నలభై ఏళ్లు. వాళ్ల ఓటుహక్కును కాపాడే గట్టి కేంద్ర చట్టం వచ్చింది 1965లో.